సమాచారదాత, స్త్రీ, సుమారు అరవై

చిలోయె దీవి, కాస్త్రో పట్నం.
మేకులూ గొలుసులూ అమ్మే కొట్టు మీద
మా పత్రికకు ఒకే గది.
కిటికీకి వాన తప్ప వేరే బొమ్మ తెలీదు.
సంపాదకుడు దోన్ ఎలియోదోరో, రిటైరైన చరిత్ర మాస్టారు.
నేను అచ్చుతప్పులు ఏరేదాన్ని.
జీతమంటారా, ఏడాదికి రెండు బుట్టల ఊదారంగు దుంపలు.

ఎర్సీరా నవెల్కిన్ వచ్చిన రోజు
ఆమె రబ్బరు బూట్ల నీళ్ళు
పాత సంచికల కట్ట దాకా పాకాయి.
"ఇళ్ళు లాగడం గురించి ఒక వ్యాసం ఉందట," అంది,
"అందులో మా అమ్మమ్మ ఉందట."

ఉంది.
డెబ్బై ఏళ్ళ కిందట నార్వే నుంచి హాల్వర్ అనే ఆచార్యుడొచ్చి
ఒక ఇల్లు నడవడం చూశాడు:
దుంగల మీద, పన్నెండు జతల ఎద్దుల వెనక,
కొండ దిగి, ఇసుక దాటి,
పోటు నీటి మీద తేలి ఎదుటి దీవికి.
రాసుకున్నాడు. వెళ్ళిపోయాడు.
ఇప్పుడా వ్యాసం తెర మీద మొదటి పేరా దాకే తెరుచుకుంటుంది.
ఆపైన తాళంకప్ప బొమ్మ,
డాలర్లలో ఒక అంకె,
ఇరవైనాలుగు గంటలకే అని చీమల్లాంటి అక్షరాలు.
ఎర్సీరా వేళ్ళ మీద లెక్కేసింది: బస్తాన్నర దుంపలు.
"మా అమ్మమ్మ మాటలకి రోజు అద్దె!"
నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

మూడు శీతాకాలాలు ఉత్తరాలు రాశాడాయన.
ప్రచురణ సంస్థ నుంచి ప్రతిసారీ అదే మర్యాద,
సంతకం లేని మర్యాద.
చివరికి బెర్గెన్ నుంచి ఆచార్యుడి కూతురు ఇంగున్ రాసింది:
నేలమాళిగలో నాన్న చేత్తో దిద్దిన టైపు ప్రతి దొరికింది,
దీన్ని ఆయన ఎవరికీ అమ్మలేదు,
అందరికీ పెట్టండి.
వడ్డన మాట అది. మాకు నచ్చింది.
ఇల్లు లాగిన వాళ్ళకి కూడా ఇక్కడ కూలి ఉండదు,
కుండ నిండా కూడు ఉంటుంది.

పొయ్యి పక్కన కూచుని ఎర్సీరా పైకి చదివింది.
మధ్యలో ఒక పట్టిక:
చిలోయె, న్యూఫౌండ్‌లాండ్, ఉత్తర నార్వే.
తాళ్ళ మందం, మనుషుల లెక్క, పాట ఉందా లేదా.
ఇల్లు ఎందుకు కదిలింది అన్న గడిలో
మాకు రాసినది: దయ్యాల భయం.
అడుగున, ఆవగింజంత అక్షరాల్లో:
సమాచారదాత, స్త్రీ, సుమారు అరవై.

దాత అన్నారు.
దానమిచ్చింది ఎవరో రాయలేదు.
అమ్ముకున్నది ఎవరో మాత్రం అట్ట మీదే ఉంది.

"దయ్యాలా?" ఎర్సీరా కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.
"ఆ నేలను భూస్వామి అమ్మేశాడు.
మంగళవారం లోపు ఖాళీ చెయ్యమన్నాడు.
మీ ఆచార్యుడు అడిగేటప్పుడు
భూస్వామి గుమాస్తా పక్కనే నిలబడి సిగరెట్ కాలుస్తున్నాడు.
అమ్మమ్మ ఏం చెబుతుంది?
దయ్యం అంది.
అబద్ధం కూడా కాదు."

అది పేజీన్నర సవరణయింది, తర్వాతి సంచికలో.
డబ్బులడిగే తలుపు లేదు కాబట్టి
ఎవరు చదివారో మాకు తెలీదు,
న్యూఫౌండ్‌లాండ్ నుంచి బ్లాంచ్ స్టక్‌లెస్ అనే ముసలావిడ
రాసేదాకా:
మా గడిలో చేపలు తగ్గాయని ఉంది.
చేపలున్నాయి. బడి మూసేశారు.

పట్టికలో రెండు గడులు
ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం
నేను అంతకు ముందు చూడలేదు.
మాస్టారు కళ్ళద్దాలు తుడిచి, మళ్ళీ తుడిచి,
గ్యాసు అయిపోయిందని కిందికి వెళ్ళాడు.

ఇంతా చేసి,
దొమితీలా లెవికాన్ అన్న పేరు
మొదటిసారి అచ్చుకి కూర్చినప్పుడు
చివరి అక్షరం నెత్తిన ఉండాల్సిన చిన్న గీత
నేనే మరిచాను.
ఎర్సీరా పట్టుకుంది.
తడి బొటనవేలు తెర మీద ఆనించి
"ఇక్కడ," అంది.